రెండు డిస్కుల్లోనూ లేని పాట

గురువారం సాయంత్రం దివాకర్ చేసిన పని శనివారం ఉదయానికి కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదనే అతని నమ్మకం.

అమెరికాలో, క్యారీ ఊళ్లోని వాళ్ల ఇంట్లో, మేడమీద గదిలో ఉన్న కంప్యూటర్‌లో అతని భార్య నళిని ఏడేళ్ల పాటలున్నాయి. మార్చిలో థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఆమె గొంతు మళ్లీ పాటకి లేవలేదు. మాట మాత్రం బొంగురుగా, సగం గాలి కలిసి వస్తోంది. పదిహేడేళ్ల కూతురు వేద ఇంకో మూడు వారాల్లో కూచిపూడి రంగప్రవేశం చేయబోతోంది. దానికోసమే నళిని ఆపరేషన్‌కి ముందు ఐదు పాటలు పాడి పెట్టుకుంది. వాటిని రికార్డు చేసింది, ఆమె పాటకి వయొలిన్ వాయించే కౌశిక్. ఆ కంప్యూటర్‌ని కూర్చి ఇచ్చిందీ కౌశికే. అందులో రెండు హార్డ్ డిస్కులు బిగించి, ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడేలా మిర్రరింగ్ పెట్టిందీ అతనే. ఏడేళ్లపాటు ప్రతి గురువారం సాయంత్రం నళిని పాటకి వెళ్లింది ఆ కౌశిక్ ఇంటికే.

మొన్న గురువారం ఇన్సూరెన్స్ కాగితం కోసం కంప్యూటర్ తెరిచిన దివాకర్‌కి ఆ పాటలన్నీ ఉన్న ‘కౌశిక్ - నళిని’ అనే ఫోల్డర్ కనిపించింది. రెండు పేర్లు, మధ్యలో చిన్న గీత. ఆ గీతని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత డిలీట్ నొక్కాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. రెండో డిస్కులో ఎలాగూ ఉంటాయి, ఒక్కరోజు వెతుక్కోనీ, ఆ తర్వాత నేనే తెచ్చిస్తాను అనుకున్నాడు. మందుల కంపెనీలో లెక్కలు చూసే మనిషికి డిస్కుల సంగతి అంతకంటే తెలియదు. శుక్రవారం రెండో డిస్కు ఊడదీసి విడిగా పెట్టి చూస్తే అందులోనూ ఆ ఫోల్డర్ లేదు.

శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసుకి పాట పెట్టుకోబోయిన వేద గదిలోంచి ఏడుస్తూ వచ్చింది. అతను అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు రికవరీ ప్రోగ్రాములు దించి, పోయిన వాటిని బయటికి లాగడానికి కుస్తీ పట్టాడు. కొన్ని పేర్లు వచ్చాయి. పేరు మీద నొక్కితే మూడు క్షణాలు నళిని గొంతు వినిపించి, ఆ తర్వాత వాన పడుతున్నట్టు ఒకటే సొద.

శనివారం టిఫిన్ దగ్గర నళిని ఉప్మా గిన్నె ముందుకి జరిపి అంది.

“కౌశిక్ గారి దగ్గర బ్యాకప్ డిస్క్ ఉంది. సీపీయూ మీరే తీసుకెళ్లండి. నేను ఫోన్ చేసి చెప్తాను.”

“నేనా? నువ్వే వెళ్లొచ్చుగా. నీకు అలవాటైన ఇల్లేగా.”

నళిని అతన్ని ఒకసారి చూసింది. “మీరే వెళ్లండి,” అంది మళ్లీ, అదే బొంగురు గొంతుతో.

వేద పళ్లెంలోంచి తలెత్తలేదు. “అమ్మా, క్లాస్‌కి లేట్ అవుతుంది. స్మృతి ఆంటీ పికప్ చేస్తుంది, ఒంటిగంట దాకా అక్కడే,” అని చెప్పి గజ్జెల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తండ్రితో ఒక్కమాట మాట్లాడలేదు. పాటలు పోయినందుకే అనుకున్నాడు దివాకర్.

*

పక్క ఊరు ఎపెక్స్‌లో కౌశిక్ ఇల్లు ఇరవై నిమిషాల దూరం. ఏడేళ్లలో దివాకర్ ఆ ఇంట్లో అడుగుపెట్టింది రెండుసార్లే, రెండూ దసరా విందులకి. సీపీయూని పక్క సీట్లో పెట్టి సీటుబెల్టు వేశాడు. దారి పొడవునా ఒకటే ఆలోచన: ఈ సిగ్నల్ దగ్గర నళిని ఎన్నిసార్లు ఆగి ఉంటుంది? ఏడేళ్లు, ఏడాదికి యాభై గురువారాలు. ఎర్రలైటు పడితే విసుక్కునేదా, అద్దంలో జుట్టు సర్దుకునేదా? తన ఆఫీసు పార్టీకి వెళ్లేటప్పుడు మాత్రం ఎప్పుడూ జుట్టు సర్దుకునేది కాదు.

కౌశిక్‌కి యాభై దాటాయి. హనుమకొండ మనిషి. భార్య పదేళ్ల కిందట విడాకులు తీసుకుని డల్లాస్ వెళ్లిపోయింది. పగలు ఒక స్టోరేజ్ కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు వయొలిన్. తలుపు తీసి, ముందు సీపీయూని చూసి, తర్వాత మనిషిని చూశాడు.

“నళిని ఫోన్ చేసింది. ఇట్ల ఇవ్వండి, బరువుంటది.”

“పర్లేదు. నేను మోస్తాను.”

తన ముందు ఎప్పుడూ ‘నళిని గారు’ అనేవాడు. ఈ రోజు ఒట్టి నళిని అయింది. దివాకర్ మెట్లెక్కుతూ ఆ మాటని మనసులో రెండుసార్లు తిప్పుకున్నాడు.

గరాజ్ పైనున్న గది. గోడలకి నల్లటి స్పాంజి పలకలు, మధ్యలో మైకు, రెండు కుర్చీలు. ఒక కుర్చీ మీద మెత్త ఉంది. నీలం మంగళగిరి చీర ముక్కతో కుట్టిన గలీబు. ఆ చీర పదో పెళ్లిరోజుకి దివాకర్ కొన్నది. పాతబడిపోయి ఎవరికో ఇచ్చేశానని నళిని చెప్పింది. ఎవరికిచ్చిందో అతను అడగలేదు.

“ఆ కుర్చీల కూసోండి,” అన్నాడు కౌశిక్.

దివాకర్ నిలబడే ఉన్నాడు.

కౌశిక్ పక్కపలక విప్పాడు. తీగలన్నీ ఒకసారి తడిమి చూసి, మానిటర్ తగిలించాడు. పది నిమిషాలు తెర మీద ఏవేవో తెరిచి చూశాడు. తర్వాత కుర్చీ ఇటు తిప్పాడు.

“డిస్కులకి ఏ రోగం లేదు దివాకర్ గారూ. రెండూ మంచిగున్నయి.”

“మరి పాటలు?”

“డిస్కు పోవుడు వేరు, ఫైలు పోవుడు వేరు. రెండు డిస్కులు ఎందుకు పెడ్తమంటే, ఒకటి చెడిపోతే రెండోది నడిపిస్తది. అంతవరకే. అద్దం ముందర నిలబడి మీరు బొట్టు చెరిపేసుకుంటే అద్దంల బొట్టు మిగుల్తదా? ఇక్కడ తీసేస్తే అక్కడ గూడ పోతది. అందుకే బ్యాకప్ అని ఇంకోటి ఉండాలె. వేరే డిస్కుల, వేరే ఇంట్ల.”

వేరే ఇంట్ల. తన భార్య గొంతు వేరే ఇంట్లో భద్రంగా ఉందని ఆ ఇంటివాడే చెప్తున్నాడు.

“సరే, ఆ బ్యాకప్ పెట్టండి. వెళ్లిపోతాను.”

“పెడ్త. దానికంటే ముందు ఒక మాట.” కౌశిక్ తెర మీద ఒక పొడుగాటి జాబితా తెరిచాడు. “ఏ ఫైలు వచ్చింది, ఏ ఫైలు పోయింది, అన్నీ రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వేసిన ఇందుల. గురువారం ఐదూ యాభై రెండు. ఫోల్డర్ మొత్తం డిలీట్. ఐదూ యాభై నాలుగు, రీసైకిల్ బిన్ ఖాళీ. లాగిన్ పేరు చూడండి.”

దివాకర్ చూడలేదు. చూడాల్సిన పని లేదు.

“నేను ఏం అడుగుతలేను,” అన్నాడు కౌశిక్ నెమ్మదిగా. “నళినికి నేను చెప్ప గూడ చెప్పను. అది మీరు చెప్పాలె.”

“నేనేం చెప్పాలో నాకు నువ్వు చెప్పక్కర్లేదు.”

‘మీరు’ అన్న మాట ఎక్కడ జారిపోయిందో దివాకర్‌కే తెలియలేదు. కౌశిక్ మాత్రం గమనించనట్టే లేచి, అల్మారాలోంచి ఒక చిన్న డిస్కు తీశాడు. దాని మీద అంటించిన కాగితం మీద మూడేసి నెలలకొక నెల పేరు, ఒక్కొక్కదాని పక్కన ఒక టిక్కు. నళిని చేతిరాత. ఇంట్లో ఫ్రిజ్ మీద సరుకుల చీటీ కూడా ఆమె ఇంత శ్రద్ధగా రాయదు.

కౌశిక్ వెంటనే దాన్ని తగిలించలేదు. ముందు మిర్రర్‌లోంచి ఒక డిస్కుని బయటికి తీసి పక్కన పెట్టాడు. “నిన్న మీరు ఏవేవో ప్రోగ్రాములు దించిండ్రు. వాటితోటి పోయిన జాగ మీద కొత్తవి పడ్డయి. అందుకే పాటల్లో సొద వస్తున్నది. ఇంక దీన్ని ముట్టుకోవద్దు. రెండోదాని మీదికి మాత్రమే బ్యాకప్ దించుత. అంతా సరిగ్గా వచ్చిందని తేలినంకనే దీన్ని మళ్ల జత చేస్త.”

కాపీ మొదలైంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతోంది. రెండున్నర గంటలు పడుతుందని చూపించింది. ఇద్దరు మగవాళ్లు, ఒక గది, కిటికీ అవతల ఎవరో గడ్డి కోసుకుంటున్న మోత.

ఇరవై శాతం దాటాక కౌశిక్ ఒక ఫైలు తెరిచాడు. “మధ్య మధ్యల తెరిచి వినాలె. వినకుండ వచ్చిందిలే అనుకుంటే అది బ్యాకప్ గాదు, ఒట్టి నమ్మకం.”

స్పీకర్లలో తంబూర మోగింది. ఆ తర్వాత నళిని.

ఆ గొంతు ఇలా పాటగా విని ఐదు నెలలైంది. దివాకర్‌కి తెలియకుండానే చేయి కుర్చీ వీపుని పట్టుకుంది. పల్లవి రెండుసార్లు పాడి, మూడోసారి ఎక్కడో తడబడి ఆగిపోయింది. “ఆగండాగండి, మళ్లీ,” అని నవ్వింది. “మీరు ఆ వయొలిన్‌తో నన్ను కంగారు పెడుతున్నారు.” అవతల కౌశిక్ ఏదో అన్నాడు, మాట మైకుకి అందలేదు. నళిని ఇంకా నవ్వింది. ఊపిరి అందక, దగ్గి, మళ్లీ నవ్వింది.

దివాకర్ ఆ నవ్వు మొత్తం విన్నాడు. పెళ్లయిన కొత్తలో, అప్పుడు కాపురమున్న ట్రాయ్ ఊళ్లో మంచు పడి కారు కదలక ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డ రోజున అలా నవ్వింది. అలాంటి నవ్వు ఆమెకి ఇంకా ఉందని అతనికి తెలియదు. ఉంది. ఇక్కడికొచ్చి నవ్వేది. ఇంటికి వచ్చేసరికి అయిపోయేది.

“ఇదెప్పటిది?”

“రెండేండ్లయితది.”

“అప్పుడు మీరేమన్నారు? ఎందుకంత నవ్వింది?”

“యాదికి లేదు.”

“యాదికి లేదా? ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో యాదికుంటుంది. పాటకి ముందు తాగే మిరియాల నీళ్లు ఎంత వేడిగా కావాలో యాదికుంటుందని ఆవిడే చెప్పేది. అది మాత్రం లేదా?” దివాకర్ గొంతు లేచింది. “సూటిగా అడుగుతున్నాను కౌశిక్ గారూ. మీకు నళిని అంటే ఇష్టమా?”

కౌశిక్ పాట ఆపాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. లేదంటాడని దివాకర్ ఎదురుచూశాడు. అదేం మాటండీ అని కోప్పడతాడని, చెల్లెలిలాంటిదంటాడని. వాటికి ఇవ్వాల్సిన జవాబులన్నీ దారిలోనే తయారు చేసుకుని వచ్చాడు.

“ఇష్టమే,” అన్నాడు కౌశిక్.

గడ్డి మిషను మోత ఆగింది.

“ఆమెకి చెప్పలే. చెప్పేది గూడ లేదు. ఆమె ఈ గదిలకి వచ్చేది పాటకి. పాట అయినంక పది నిమిషాలు ఎక్కువ కూసున్న రోజు ఒక్కటి లేదు. ఏడింటికల్ల ఇంట్ల ఉండాలె, ఆయన వస్తడు అని లేచేది. నేను గేటు దాక పోయేటోన్ని, కారు మలుపు తిరిగేదాక నిలబడేటోన్ని. అంతే దివాకర్ గారూ. మీరు నామీద అసూయపడుతున్నరు. ఏడేండ్ల సంది ఆ ఏడింటి మీద నేను పడ్డ అసూయ ఎంతనో మీకు ఎట్ల చెప్పాలె?”

దివాకర్ కూర్చున్నాడు. నీలం మెత్త ఉన్న కుర్చీలోనే కూర్చున్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అబద్ధాన్ని పట్టుకుని పోట్లాడవచ్చు. ఈ మనిషి నిజం చెప్పేసి, పోట్లాడటానికి ఏమీ మిగల్చకుండా చేశాడు. అయినా అసూయ తగ్గలేదు సరికదా, ఇప్పుడు దానికో ముఖం కూడా వచ్చింది.

“నేనే డిలీట్ చేశాను,” అన్నాడు చివరికి. “రెండు పేర్లు పక్కపక్కన చూడలేకపోయాను. ఒక్కరోజు దాచి ఇచ్చేద్దామనుకున్నాను. పాటల మీద నాకు కోపం లేదండీ. నిజంగా లేదు.”

“ఎర్కనే.”

“నళినికి ఇవాళే చెప్తాను.”

కౌశిక్ తలూపాడు. తర్వాత తెర వైపు తిరిగి కాసేపు అటూ ఇటూ వెతికాడు. ముఖం మారింది.

“ఇంకోటి ఉన్నది. ఈ బ్యాకప్ జనవరి పద్దెనిమిదిది. వేద పాటలు మేం పాడించుకున్నది ఫిబ్రవరి ఆఖర్ల. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు ఆఖరి పాట, తరంగం, పూర్తయింది. అవి ఐదూ ఇందుల లెవ్వు.”

“లేకపోవడమేంటి? ప్రతి మూడు నెలలకీ చేస్తున్నట్టు కాగితం మీద ఉందిగా!”

“నళిని ఈ డిస్కు ఇంటికి తీస్కపోయి నింపుకొస్తేనే గదా. పాడించినయి నా కాడ ఉంచుకోను, అన్నీ ఆమెకే ఇచ్చేస్త. ఆపరేషన్ తర్వాత ఆమె రాలే. పాట లేనప్పుడు అక్కడ పనేముంది అని మీరన్నరట.” నిందలా కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. “ఏప్రిల్‌ల ఒక డిస్కు మొరాయిస్తే మార్చనీకి నేనే మీ ఇంటికి వచ్చిన. యాదికున్నదా? కొత్త డిస్కు పెట్టి, మంచిగున్న రెండో డిస్కులోంచి అంతా దానిమీదికి ఎక్కించిన. గంటసేపు మీరు తలుపు కాడ చేతులు కట్టుకుని నిలబడ్డరు. బ్యాకప్ గూడ చేసుకుంట అని అడగనీకి నాకు నోరు రాలే.”

దివాకర్‌కి గుర్తుంది. ఆ రోజు కౌశిక్ మంచినీళ్లు అడిగితే నళిని గ్లాసు కాకుండా రాగి చెంబు తెచ్చిచ్చింది. ఆ చెంబు సంగతే అతనికి బాగా గుర్తుంది.

“అయితే ఆ పాటలు ఎక్కడా లేవా?”

“ఒక్కకాడ ఉండొచ్చు. ఏప్రిల్‌ల ఊడదీసిన పాత డిస్కు. అది మొరాయించింది గని పూర్తిగా సావలే. తీసేసిన రోజు దాక ఉన్నదంతా దాంట్ల అట్లనే ఉంటది. ఆ తర్వాత జతలోంచి పోయింది గనక, మీరు గురువారం చేసింది దాని దాక పోదు. పారేయొద్దని నళిని చేతికే ఇచ్చిన. అడగండి.”

అడగాలంటే ఎందుకు కావాలో చెప్పాలి. దివాకర్ ఫోను తీసి నళిని నంబరు నొక్కాడు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు.

“చెప్పండి,” అంది నళిని. వెనకాల కారు వెళ్తున్న చప్పుడు.

“నళినీ, ఏప్రిల్‌లో తీసేసిన పాత డిస్కు నీ దగ్గరుందా?”

“ఉంది. నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.”

“బ్యాగ్‌లోనా?”

“నిన్న పొద్దున మారిస్‌విల్‌లో ఒక షాపుకి తీసుకెళ్లి చూపించాను. తెరుచుకుంది. ఐదు పాటలూ ఉన్నాయి. కొత్త డిస్కు మీదికి కాపీ కూడా చేయించాను.”

దివాకర్ కౌశిక్‌ని చూశాడు. కౌశిక్‌కీ ఈ సంగతి కొత్తేనని ఆ ముఖమే చెప్తోంది.

“నిన్న పొద్దునా? పాటలు పోయాయని వేద చూసింది నిన్న సాయంత్రం కదా?”

“గురువారం సాయంత్రం నేను మెట్ల మీద ఉన్నానండీ.”

ఆ బొంగురు గొంతులో కోపం ఉందో, అలసట ఉందో తెలియడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

“మీరు ఆ ఫోల్డర్ని చూస్తూ కూర్చోవడం చూశాను. నొక్కడం చూశాను. పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. శుక్రవారమంతా చూశాను, చెప్తారేమోనని. రాత్రి వేదకి చెప్పేశాను. అది ఏడ్చింది పాట పోయిందనే. కానీ నేను చెప్పాక ఏడ్చిన ఏడుపు వేరండీ.”

“నళినీ, నేను ఇవాళ నీకు…”

“చెప్దామనుకున్నారు. ఇప్పుడే కౌశిక్ గారితో అని ఉంటారు. అందుకే మిమ్మల్ని అక్కడికి పంపించాను. నా దగ్గర చెప్పలేనిది ఆయన దగ్గరైనా చెప్తారని.” “కౌశిక్ గారూ, మీరూ వింటున్నారు కదా?”

“ఆఁ… వింటున్న,” అన్నాడు కౌశిక్.

“మీ ఇద్దరికీ ఒకేసారి చెప్పాల్సింది ఒకటుంది. ఆపరేషన్‌కి ముందే చెప్పాల్సింది. గొంతుంటే పాడుకుంటూ బతికేయొచ్చులే అని ఊరుకున్నాను. ఇప్పుడది లేదు. నేను బయల్దేరి పావుగంటయింది. తలుపు తీసి పెట్టండి.”

ఫోను ఆగిపోయింది.

ఆకుపచ్చ గీత ముప్పై మూడు శాతం దగ్గరుంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు, ఒకళ్లనొకళ్లు చూసుకోవడానికి ధైర్యం లేక. ‘ఆపరేషన్‌కి ముందే’ అన్న మాట దివాకర్‌ని వదల్లేదు. ముందే ఏముంది? ఈ మనిషి తనకి నిజం మొత్తం చెప్పాడా? లేక చెప్పగలిగినంతే చెప్పాడా?

“ఆమెకి నేను చెప్పలే,” అన్నాడు కౌశిక్ మళ్లీ, ఎవరూ అడక్కుండానే. “ఒట్టు. చెప్పలే.”

“అయితే ఆవిడ ఏం చెప్పబోతోంది?”

“నాకేం ఎర్క?”

కౌశిక్ కిందికి వెళ్లి ముందుతలుపు తీసి, వచ్చేటప్పుడు వంటగదిలోంచి ఇంకో కుర్చీ పట్టుకొచ్చాడు. దాన్ని తన కుర్చీ పక్కన, గోడవారగా వేశాడు. దివాకర్ ఒక క్షణం చూశాడు. లేచి ఆ కుర్చీని ఇటు లాగి, తన పక్కన పెట్టుకున్నాడు.

కింద వాకిట్లో కారు వచ్చి ఆగింది. ఇంజను ఆగింది. కారు తలుపు పడిన చప్పుడైంది.

ఆ వెంటనే ఇంకో తలుపు పడింది.

వేద ఒంటిగంట దాకా క్లాసులో ఉంటుంది. టైము పదకొండున్నర కూడా కాలేదు. దివాకర్ కిటికీ వైపు రెండడుగులు వేశాడు. కౌశిక్ అప్పటికే అక్కడున్నాడు. కిందికి చూసి, పరదా అంచుని గట్టిగా పట్టుకుని, “డల్లాస్‌ల ఉండాల్సిన ఈమె ఇక్కడికెందుకొచ్చింది?” అన్నాడు, తనలో తను.

మెట్ల మీద నాలుగు కాళ్ల చప్పుడు.